క్లేటన్ నొక్కాల్సిన బటన్

ఫిబ్రవరి 9, సోమవారం

సీటు వచ్చింది.

స్పీచ్ థెరపీలో మాస్టర్స్. రెండేళ్ళు. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలు. ఈ వయసులో నాకెవరిస్తారులే అనుకుంటూనే దరఖాస్తు పెట్టాను. ఇచ్చారు.

మా బడికి స్పీచ్ థెరపిస్టు పదిహేను రోజులకోసారి వస్తుంది, అదీ రోడ్డు మీద మంచు లేకపోతే. మిగతా రోజుల్లో మాట రాని పిల్లల పక్కన కూర్చునేది నేను. ఆయాకి ఎక్కువ, టీచరుకి తక్కువ. తెలిసిందేదో చేస్తాను. తెలియనిది ఎంతుందో ఇమోజెన్ ముఖం చూస్తే తెలుస్తుంది. ఆరేళ్ళ పిల్ల. నోరు తెరుస్తుంది, గాలి వస్తుంది, మాట రాదు. అడ్డం పడ్డదేదో నువ్వైనా తీయవా అన్నట్టు నావైపు చూస్తుంది.

మా ఆయన క్లేటన్ షెడ్డులో, లాబ్‌స్టర్లు పట్టే బోనుల ఆనవాలుకి నీళ్ళ మీద తేలే బెండ్లకి రంగు వేస్తున్నాడు. వెళ్ళి చెప్పాను.

"మంచిది" అన్నాడు. కుంచె ఆపలేదు. కుంచె మళ్ళీ డబ్బాలో ముంచుతూ, "అక్కడే ఉండాలా?" అన్నాడు.

"సోమవారం నుంచి శుక్రవారం దాకా. యూనివర్సిటీ ఊరికి రెండున్నర గంటల దారి, రోజూ ఎలా తిరుగుతాను?"

"మంచిది" అన్నాడు మళ్ళీ.

సంతోషపడ్డాడనే అనుకుంటున్నాను. అతని సంతోషం ఎప్పుడూ అంతే, పైకి తేలదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

పొద్దున్నుంచీ కేంద్ర ప్రభుత్వమిచ్చే ఫెడరల్ లోను దరఖాస్తుతోనే సరిపోయింది. మా మెయిన్ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి ఆ యూనివర్సిటీలో ఫీజు తక్కువంటారు. తక్కువ అన్నవాళ్ళు కట్టి చూడాలి. లోను లేకపోతే నేను ఆ ఊరి బస్టాండు దాకా కూడా వెళ్ళలేను.

నా భాగం అయిపోయింది. పెళ్ళయిందా? అయింది. పన్నులు కలిపి కట్టారా, విడివిడిగానా? విడివిడిగా. క్లేటన్ పడవ లెక్కలు వేరే ఉంటే మంచిదని మా ఆడిటరు ఏనాడో చెప్పాడు, అప్పటి నుంచీ అంతే. ఆ ఒక్క జవాబుతో పని పెరిగింది. విడిగా కట్టారు కాబట్టి భర్త కూడా అందులోకి రావాలట. సొంతంగా ఖాతా తెరవాలి, తన పన్నుల వివరాలు చూసుకోవడానికి సమ్మతి ఇవ్వాలి. అతను ఇవ్వాల్సింది అదే. అప్పు నాది, తీర్చేదీ నేనే. అతని చేతి నుంచి ఒక్క డాలరు పోదు. కానీ అతను ఆ బటన్ నొక్కకపోతే నాకు ఒక్క డాలరు రాదు.

అతని మెయిల్‌కి ఆహ్వానం పంపాను. పెళ్ళిపిలుపులా ఆహ్వానమట! పేర్లు పెట్టడంలో వీళ్ళని మించినవాళ్ళు లేరు.

"వచ్చిందా?" అని అడిగాను రాత్రి భోజనం దగ్గర.

"రేపు చూస్తాలే."

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆ రేపు ఇంకా రాలేదు.

మార్చి 3, మంగళవారం

మెయిలేదీ రాలేదన్నాడు.

"చెత్త మెయిళ్ళలో చూశావా?"

"చూశా."

"సరిగ్గా చూశావా?"

"రోవెనా, నాకు కళ్ళున్నాయి."

నిజమే. కొత్త పడవ ఇంజన్ల ప్రకటన మెయిలు వస్తే మాత్రం ఆ కళ్ళు రెండు నిమిషాల్లో పట్టేస్తాయి. సరే. వెబ్‌సైటు పంపి ఉండదు. బెర్నిస్ చెప్పింది, ఈ ఏడాది అందరికీ ఇదే గోలట. బెర్నిస్ మా బడి ఆఫీసులో పనిచేస్తుంది, ముప్పై ఏళ్ళుగా అందరి గోలా ఆమె దగ్గరికే వస్తుంది.

మార్చి 14, శనివారం

ఇవాళ నా పేజీ తెరిచి చూస్తే క్లేటన్ పేరు ఎదురుగా ఎర్ర అక్షరాలు: ఆహ్వానం నిరాకరించారు.

ఎవరు నిరాకరించారు? ఎప్పుడు? అసలు మెయిలే రాలేదని మనిషి మొత్తుకుంటుంటే! దేశం మొత్తానికి చదువు అప్పులిచ్చేవాళ్ళు ఒక వెబ్‌సైటుని తిన్నగా నడపలేరా?

సహాయం నంబరుకి ఫోను చేశాను. "మీ కాల్ మాకు ముఖ్యం" అంది రికార్డు గొంతు. ఆ తరవాత పాట. పాట కూడా కాదు, పాట మొదలవబోయి మనసు మార్చుకున్నట్టు ఓ ముక్క, అదే మళ్ళీ మళ్ళీ. ఫోను బల్ల మీద పెట్టి గిన్నెలు కడిగాను, బట్టలు మడతపెట్టాను, బంగాళాదుంపలు తొక్క తీశాను. చివరికి ఎవరో "హలో" అన్నారు. పరుగెత్తుకెళ్ళి అందుకునేలోపు లైను తెగిపోయింది.

తడిచేత్తో ఆ ఫోనుని గోడకేసి కొడదామనుకున్నాను. కొత్తది కొనాలంటే మళ్ళీ అప్పే.

బెర్నిస్‌కి చెబితే, "పక్కనున్న మనిషిని అడిగావా?" అంది.

"ఏమని?"

"నొక్కావా అని."

"సైటు తప్పే బెర్నిస్. అందరికీ అవుతోందన్నది నువ్వే కదా."

"నేనే అన్నాను" అని ఊరుకుంది.

మార్చి 15, ఆదివారం

క్లేటన్‌ని అడగలేదు. ఒళ్ళు హూనమై వచ్చాడు.

మార్చి 28, శనివారం

ఎప్పటిలాగే శనివారం రాత్రి బెల్లం వేసి వండే బీన్సు భోజనానికి మా అత్తగారు ఏవిస్ వచ్చింది. ఆమె ఇల్లు మా పెరటికి అవతలే. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో జీవితమంతా చేపల తలలు కత్తిరించే కత్తెర పట్టిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డా మాటలో కత్తెర పోలేదు.

"ముప్పై తొమ్మిదేళ్ళకి మళ్ళీ పలకా బలపమా?" అంది కూర్చుంటూనే.

"అవునత్తయ్యా. జడ కూడా వేసుకుంటాను."

"వారమంతా అక్కడే ఉంటే వీడి తిండి సంగతి?"

"క్లేటన్‌కి నలభై మూడేళ్ళు. స్టవ్ ఎక్కడుందో చూపించి వెళ్తాను."

ఆమె నవ్వింది. కొడుకు వైపు తిరిగి, "ఏరా, నువ్వేమంటావు?" అంది.

క్లేటన్ రొట్టె ముక్కతో పళ్ళెం తుడుస్తున్నాడు. "బీన్సులో బెల్లం ఎక్కువైంది" అన్నాడు.

బెల్లం ఎప్పుడూ వేసినంతే వేశాను.

ఏప్రిల్ 2, గురువారం

ఇమోజెన్ ఇవాళ "బో" అంది! కిటికీలోంచి పడవలు చూపిస్తూ నేను పెదాలు కలిపి విడదీసి, మళ్ళీ కలిపి విడదీసి, మొత్తం చలికాలమంతా చేసిందే చేస్తుంటే, ఇవాళ ఉన్నట్టుండి నా ముఖం మీద ఉమ్ము తుంపరలు పడేంత గట్టిగా, "బో!" బోట్‌లో సగం. సగమైతేనేం. వాళ్ళమ్మకి ఫోను చేస్తే, మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అంది.

క్లేటన్‌కి చెబితే పగలబడి నవ్వాడు. "మిగతా సగం నేర్పేలోపు దానికి లాబ్‌స్టర్ లైసెన్సొచ్చి నాకు పోటీగా బోనులేస్తుంది" అన్నాడు. చాలా రోజులకి నవ్వాడు. అదే మంచి సమయమని, "క్లే, ఆ సమ్మతి ఒక్కటి..." అన్నాను.

వెంటనే పడవ ఇంజను గురించి మొదలుపెట్టాడు. పంపు నీళ్ళు లాగడం లేదట.

బాగా ఇబ్బందిగానే ఉన్నట్టుంది ఆ పంపు.

ఏప్రిల్ 11, శనివారం

మళ్ళీ ఆహ్వానం పంపబోతే మొదటి ఆహ్వానం తేలకుండా రెండోది కుదరదంది. ఎలా తేలాలో చెప్పదు. బ్యాంకుకి ఫోను చేశాను. వాళ్ళు చెప్పిన వడ్డీ వినగానే థాంక్యూ చెప్పి పెట్టేశాను. దేవుడా, నాకు దానం వద్దు, బహుమతి వద్దు. అప్పు. అప్పు ఇవ్వమంటున్నాను!

ఏప్రిల్ 21, మంగళవారం

ఈవేళ సెలవు పెట్టి మరీ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఈసారి వంట లేదు, గిన్నెలు లేవు. చివరికి ఒకావిడ దొరికింది. గొంతు పెద్దావిడ గొంతులా ఉంది, దక్షిణాది యాస, ఒక్కో మాటా తాపీగా.

నా బాధంతా ఏకరువు పెట్టాను. సైటు తప్పు, మెయిలు తప్పు, ఎర్ర అక్షరాలు తప్పు. ఆవిడ అడ్డం రాకుండా విన్నది. టకటకమని టైపు చేసుకుంది.

"మేడమ్, ఆహ్వానం ఫిబ్రవరి పదిహేనున వెళ్ళింది. అందింది కూడా."

"అందలేదండీ. మా ఆయన చూశాడు."

"పదహారో తారీఖున తెరిచారు. నిరాకరించారు."

"అదే కదండీ సైటు తప్పు అంటున్నది."

ఆవిడ మళ్ళీ టకటకమని టైపు చేసింది. తరవాత, "ఆ బటన్ దానంతటది పడదు మేడమ్. నొక్కాక, నిజంగానే వద్దా అని ఇంకోసారి అడుగుతుంది. దానికీ అవునని నొక్కాలి" అంది.

నేనేమన్నానో గుర్తు లేదు. ఆవిడ గొంతు తగ్గించి, "ఇది అడగాల్సిన ప్రశ్నే, ఏమీ అనుకోకండి. మీరిద్దరూ కలిసే ఉంటున్నారా? విడిగా ఉంటున్నట్టయితే ఆయన సమ్మతి అక్కర్లేదు. మీ ఒక్కరి వివరాలూ చాలు" అంది.

"కలిసే ఉంటున్నాం."

"సరే మేడమ్."

"పదహారేళ్ళ నుంచీ కలిసే ఉంటున్నాం."

"సరే మేడమ్. ఆయన ఒప్పుకుంటే మళ్ళీ ఫోను చేయండి, పాతది తీసేసి కొత్తది పంపే వీలు కల్పిస్తాం."

ఏప్రిల్ 22, బుధవారం

అడగలేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

అడగలేదు. బోనులు సముద్రంలోకి దించే రోజులు. పొద్దున చీకటితో వెళ్తాడు.

ఏప్రిల్ 26, ఆదివారం

అడిగాను.

షెడ్డు వెనక ఎర పీపాలు కడుగుతున్నాడు. ఎరకి వాడే హెర్రింగ్ చేపల కంపు. ముందు మెల్లగా అడుగుదామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"ఫిబ్రవరి పదహారున ఏం చేశావు?"

గొట్టంలో నీళ్ళు కట్టేశాడు. నాటకం ఆడలేదు. ఆ ఒక్కదానికీ మెచ్చుకోవాలి. "నొక్కాను" అన్నాడు.

"వద్దని."

"వద్దని."

"రెండు నెలలు క్లే! రెండు నెలలు ఆ దిక్కుమాలిన పాట వింటూ కూర్చున్నాను. మెయిలు రాలేదన్నావు. కళ్ళున్నాయన్నావు!"

"ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పు. నాకు ఇష్టం లేదు, వెళ్ళొద్దు అను. నోరుంది కదా."

"అంటే మానేసేదానివి." పీపా పక్కకి తోశాడు. "మానేసి, నేను చచ్చేదాకా బీన్సు వడ్డిస్తూ నా ముఖం వంక ఒక చూపు చూసేదానివి. ఆ చూపు నాకొద్దు. ప్రభుత్వమే కాదందనుకో, ఇద్దరం కలిసి ప్రభుత్వాన్ని తిట్టుకునేవాళ్ళం."

ఎంత ఆలోచించాడో! ఇంత ఆలోచన ఆ పంపు మీద పెట్టుంటే ఎప్పుడో బాగయ్యేది.

"నేను వెళ్ళేది చదువుకోడానికి. పారిపోడానికి కాదు."

"ఈ ఊళ్ళోంచి చదువుకని పోయి తిరిగొచ్చినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పు."

నోరు తెరిచాను. మా వీధి ఆల్డెన్ వాళ్ళ అమ్మాయి పోర్ట్‌లాండ్‌లో ఉంది. మా చర్చి ఫాదర్ చెల్లెలు బోస్టన్‌లో. మా మేనకోడలు ఎక్కడుందో మాకే సరిగ్గా తెలియదు. ఒక్క పేరు రాలేదు. ఇమోజెన్ గుర్తొచ్చింది. దాని నోట్లో గాలి ఎలా ఆగుతుందో అప్పుడు తెలిసింది.

"చూశావా" అన్నాడు. గెలిచినట్టు అనలేదు. అలా అన్నా బాగుండేది.

మే 1, శుక్రవారం

బెర్నిస్ గ్యారేజీ మీద గది ఖాళీగా ఉంది. అక్కడికి మారాను. బడికి దగ్గర. మంచు కరిగిన ఈ బురదలో కారు వేసుకుని తిరగడం కష్టంగా ఉంది.

కొన్నాళ్ళే.

మే 9, శనివారం

నల్ల ఈగలు మొదలయ్యాయి. బయటికి వెళితే చెవుల వెనక కొరికేస్తున్నాయి, లోపల ఉంటే దరఖాస్తు కొరుకుతోంది.

మధ్యాహ్నం బెర్నిస్ కాఫీ పట్టుకుని పైకి వచ్చింది. నా తెర మీద వైవాహిక స్థితి అన్న ప్రశ్న తెరిచి ఉంది.

"విడిగా ఉంటున్నారు అని నొక్కేయవే" అంది. "అబద్ధమేముంది? నువ్వు పడుకుంటున్నది నా గ్యారేజీ మీద."

"ఇది వేరు."

"ఏం వేరు?"

"బడికి దగ్గరని వచ్చాను."

బెర్నిస్ కాఫీ బల్ల మీద పెట్టింది. "రోవెనా, వాళ్ళక్కడ ఎందుకు వచ్చావని అడగటం లేదు. ఎక్కడున్నావనే అడుగుతున్నారు."

ఆమె వెళ్ళాక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నొక్కితే చాలు. అతని ఆదాయం అక్కర్లేదు, అతని సరే అక్కర్లేదు, ఆ పాట అక్కర్లేదు. నొక్కాక ఇదీ నిజంగానేనా అని అడుగుతుందేమో. ఏమని చెప్పను?

మూసేశాను. నెట్ నెమ్మదిగా ఉంది ఈ గదిలో.

మే 17, ఆదివారం

ఏవిస్ అత్తయ్య మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళని తిట్టుకుంటూ, బెర్నిస్ మెట్లని తిట్టుకుంటూ. ఆవాల పచ్చడి సీసా ఒకటి తెచ్చింది.

"నీ మొగుడు తిండి మానేశాడని చెప్పడానికి రాలేదు" అంది. "గాడిదలా తింటున్నాడు. నా ఇంట్లో."

"మంచిది."

"నిన్ను తీసుకెళ్ళడానికీ రాలేదు. ఉండు నీ ఇష్టమొచ్చినన్నాళ్ళు."

"మరెందుకు వచ్చారత్తయ్యా?"

"పచ్చడివ్వడానికి!" అని కసిరింది. కాసేపు కిటికీలోంచి రేవు వంక చూసింది. "సాయంత్రమైతే చాలు, ఆ ఫోను పట్టుకుని ఒకటే తిట్లు. ఎవర్నిరా అంటే ప్రభుత్వాన్ని అంటాడు. ఎప్పుడూ ఓటైనా సరిగ్గా వెయ్యనివాడికి ప్రభుత్వంతో ఏం పనో!"

ఎర చేపల మీద ప్రభుత్వం పెట్టే కోటా గురించి అయ్యుంటుంది. ఏటా ఈ రోజుల్లో అందరూ తిట్టేదే.

జూన్ 2, మంగళవారం

యూనివర్సిటీ నుంచి మెయిలు. పన్నెండో తారీఖులోపు నా లోను దరఖాస్తు పూర్తికాకపోతే సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇస్తారట. "అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాం" అని రాశారు. అర్థమైంది. ఎవరికి ఏం అర్థం కావాలో అది తప్ప మిగతా అంతా అందరికీ అర్థమవుతూనే ఉంది.

జూన్ 3, బుధవారం

విడిగా ఉంటున్నారు. విడిగా ఉంటున్నారు. విడిగా ఉంటున్నారు. రాస్తే అలవాటవుతుందేమోనని రాశాను. శుక్రవారం సాయంత్రం నొక్కేస్తాను. అంతే. ఇంక వెనక్కి చూసేది లేదు.

జూన్ 5, శుక్రవారం

బడి వదిలాక బయటికొస్తే, బస్సుల వరస పక్కన క్లేటన్ ట్రక్కు. అతను బయట నిలబడి ఉన్నాడు, రబ్బరు ప్యాంటుతోనే, ఎర కంపుతోనే. పిల్లలు ముక్కులు మూసుకుని చుట్టూ తిరిగి పోతున్నారు. చేతిలో ఫోను, కర్రలా ముందుకి చాపి పట్టుకున్నాడు.

"చూపించు" అన్నాడు.

"ఏంటి?"

"ఎక్కడ నొక్కాలో."

నేను కదల్లేదు. అతనే మొదలుపెట్టాడు. మాట తరవాత మాట, వలలోంచి చిక్కులు తీస్తున్నట్టు. నేను వెళ్ళిన మర్నాటి నుంచే ప్రయత్నిస్తున్నాడట. ఒకసారి వద్దని నొక్కాక మళ్ళీ సరేననడానికి దాంట్లో దారే లేదట. ఖాతా తెరవబోతే పుట్టినరోజులో నెల ముందా, తేదీ ముందా తెలీక తప్పు కొట్టాడట, నువ్వు నువ్వు కాదు పొమ్మందట. మళ్ళీ కొడితే తాళం వేసేసిందట. వేరే మెయిలుతో వెళితే, ఈ మనిషి ఇప్పటికే ఉన్నాడందట.

"ఉన్నానా, లేనా? ఏదో ఒకటి చెప్పి చావమను!" అన్నాడు. ముఖం ఎర్రబడింది.

ఏవిస్ అత్తయ్య చెప్పిన తిట్లు అప్పుడు అర్థమయ్యాయి. నవ్వొచ్చింది. వెంటనే అంతకి రెట్టింపు కోపమొచ్చింది.

"నన్నడిగితే ఒక్క ఫోనుతో అయ్యేది కదా! ఆవిడ ఎప్పుడో చెప్పింది, నువ్వు ఒప్పుకుంటే పాతది తీసేస్తామని. నెల రోజులు క్లే!"

"అడగడానికే పట్టింది నెల."

ట్రక్కెక్కాం. సహాయం నంబరుకి ఫోను చేసి ఇద్దరి మధ్య పెట్టాను. మీ కాల్ మాకు ముఖ్యం. పాట ముక్క.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"ఇది విన్నావా నువ్వు అన్నాళ్ళూ?"

"విన్నాను. బంగాళాదుంపలు తొక్క తీస్తూ విన్నాను."

చాలాసేపటికి, "తప్పు చేశాను రో" అన్నాడు. పాట మీదుగానే అన్నాడు. అది ఆగాక అనడం కష్టమనుకున్నాడేమో. ఫర్వాలేదు అనడం నాకు చేతకాలేదు, ఎందుకంటే ఫర్వా ఉంది. బస్సులన్నీ వెళ్ళిపోయాయి. పొగమంచు రేవు మీదుగా బడి దాకా వచ్చేసింది.

"నువ్వు లేకపోతే ఆ ఇంట్లో ఏం మాట్లాడాలో నాకు తెలీదు" అన్నాడు. "ఎవరితో అని కాదు. అసలు ఏం మాట్లాడతారో తెలీదు. నువ్వు ఏదో ఒకటి అంటావు, దానికి నేను ఏదో ఒకటి అంటాను. అలా గడిచిపోయింది ఇన్నేళ్ళు."

"నువ్వు ఎక్కువగా ఏమీ అనవు."

"వింటా కదా."

నిజమే. వింటాడు. "బో" కథ అతనికి చెప్పినట్టు ఇంకెవరికీ చెప్పలేదు నేను.

అప్పుడే పాట ఆగి ఫోనులోంచి ఎవరో అబ్బాయి గొంతు పలికింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఫోను క్లేటన్ అందుకుని, కోస్టు గార్డుతో రేడియోలో మాట్లాడుతున్నట్టు, "క్లేటన్ ఎల్వుడ్ బీల్. నేను నేనే" అన్నాడు. అవతల అబ్బాయి నవ్వాపుకున్నాడు. అవీ ఇవీ అడిగాడు, తాళం తీశాడు, పాత ఆహ్వానం తీసేశాడు. నేను నా ఫోనులోంచి కొత్తది పంపాను. రెండడుగుల దూరంలో అతని ఫోను టింగుమంది.

తెరిచాడు. ప్రతి అక్షరం చదివాడు. చదవనిచ్చాను. సమ్మతిస్తున్నాను అన్న బటన్ దగ్గర బొటనవేలు ఆగింది. దాని నిండా ఎర మరకలు, తాడు కోతలు.

"తిరిగి రమ్మని అడగను" అన్నాడు తెర వంకే చూస్తూ. "ఇప్పుడడిగితే వస్తాననే అంటావు. అది లెక్కలోకి రాదు."

నొక్కాడు.

అంతే. పచ్చ గుర్తు పడింది. చేతిలో కాఫీ ఉంటే చల్లారేది కూడా కాదు.

"ఇంతేనా!" అని అరిచాను. "ఇంతేనా క్లే! దీని కోసమా!" ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. డాష్‌బోర్డుని అరచేత్తో బాదాను. అతను కదలకుండా కూర్చున్నాడు. బాదడం అయ్యేదాకా కూర్చుని, "చెయ్యి నొప్పెట్టిందా?" అని అడిగాడు.

ఇంటికి తీసుకెళ్తాడేమో అనుకున్నాను. బెర్నిస్ గ్యారేజీ ముందు ఆపాడు. దిగాను.

జూన్ 11, గురువారం

దరఖాస్తు పూర్తయినట్టు మెయిలొచ్చింది. చెత్త మెయిళ్ళలో ఉంది.

జూన్ 20, శనివారం

ఇంటికి వచ్చేశాను. బెర్నిస్ ఆ గదికి రంగులు వేయిస్తుందట.

జూలై 8, బుధవారం

లోను మంజూరైంది. ఊళ్ళో అందరూ అప్పు తీరక ఏడుస్తారు, నేను అప్పు పుట్టక ఏడ్చాను. ఇప్పుడు పుట్టింది. అంకెలో సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాను. నేను రిటైరయ్యేదాకా ఇది నాతోనే నడుస్తుంది. ఫోనులో ఆ పాట విన్నవాళ్ళకి వడ్డీ తగ్గించాలి, న్యాయంగా అయితే.

క్లేటన్‌కి చూపించాను. ఈల వేశాడు. "ఇంతలో రెండు పడవలొస్తాయి" అన్నాడు. తరవాత, తన మాట తనకే నచ్చక, "పడవలకి నోరుండదనుకో" అన్నాడు.

ఇంకా కోపం పోలేదు. అంట్లు తోముతున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు ఉన్నట్టుండి ఫిబ్రవరి పదహారు గుర్తొస్తుంది. అతను పక్కనుంటే అతని మీద అరుస్తాను, దేని గురించో చెప్పకుండా. దేని గురించో అతనికి తెలుసు.

ఆగస్టు 30, ఆదివారం

యూనివర్సిటీ దగ్గర అద్దెగదిలో నన్ను క్లేటన్ దింపి వెళ్ళాడు. దారంతా నేను రోడ్డు గురించి మాట్లాడాను, అతను విన్నాడు. పరుపు మెట్ల మీదుగా ఒక్కడే మోసుకొచ్చాడు. కుర్చీ కాలు వదులుగా ఉంటే బిగించాడు. గదిలో ఇంక బిగించడానికేమీ లేక నిలబడ్డాడు.

"సరే మరి."

"సరే."

ఎప్పుడొస్తావని అడగలేదు. నేనూ చెప్పలేదు.

సెప్టెంబరు 4, శుక్రవారం

క్లాసులో అందరికీ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు. ఒకమ్మాయి నన్ను ప్రొఫెసరనుకుని సెలవు అడిగింది. ఇచ్చేశాను.

ఈ శని, ఆదివారాలు ఇక్కడే ఉంటాను.

సెప్టెంబరు 11, శుక్రవారం

ఈ వారం కూడా ఇంటికి వెళ్ళడం లేదు. నాలుక కండరాల మీద పరీక్ష ఉంది, చదవాల్సింది కొండంత ఉంది. రెండున్నర గంటలు పోనూ రెండున్నర గంటలు రానూ. బస్సు చార్జీ దండగ. అర్థం లేని పని.

సెప్టెంబరు 12, శనివారం

వెళ్ళాను.

మధ్యాహ్నానికి చేరాను. పడవ ఇంకా రాలేదు. తలుపు తీస్తే వంటింటి తొట్టి నిండా అంట్లు. రెండు వారాల అంట్లు. పళ్ళేల మీద పళ్ళేలు, పైన బాణలి, బాణలిలో గ్లాసులు. స్టవ్ ఎక్కడుందో చూపించాను కానీ తొట్టి ఎక్కడుందో చూపించలేదు. ఒళ్ళు మండిపోయింది. నా చేతులు వాటంతటవే చొక్కా స్లీవులు పైకి లాగేశాయి, నీళ్ళు తిప్పేశాయి. అప్పుడు ఆగాను. నీళ్ళు కట్టేసి బయట మెట్ల మీదికి వెళ్ళి కూర్చుని, నాలుక కండరాలు చదువుకున్నాను.

క్లేటన్ వచ్చాడు. నన్ను చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. తరవాత లోపలికి తొంగిచూసి, "అయ్యో, వస్తావని తెలిస్తే..." అన్నాడు.

"తెలిస్తే?"

బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. గిన్నెల చప్పుడు. ఏదో పగిలింది. చాలాసేపు చప్పుడవుతూనే ఉంది. నేను లేవలేదు. మధ్యలో ఒకసారి, "ఇమోజెన్ ఎలా ఉంది?" అని లోపల్నుంచి అరిచాడు. "బోట్ అంటోందట, బెర్నిస్ చెప్పింది, మొత్తం అంటోందట!" అని నేనూ అరిచాను. ఆ తరవాత క్లాసులో నన్ను సెలవడిగిన పిల్ల గురించి, పరీక్ష గురించి, కుర్చీ కాలు మళ్ళీ వదులైన సంగతి, గోడకి ఇవతల్నుంచి అన్నీ అరిచి చెప్పాను. విన్నాడు. నీళ్ళు కట్టేసి మరీ విన్నాడు.

దాహమేసి లోపలికి వెళ్ళాను. బోర్లించిన గ్లాసొకటి తీసుకుని నీళ్ళు పట్టాను. అంచున నురగ ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. పారబోసి మళ్ళీ కడుగుదామనుకున్నాను. అతను చూస్తున్నాడు.

కడగలేదు. తాగేశాను. సబ్బు రుచి.